అమెరికా అడవుల్లో ఫ్రీగా టెంట్ వేసుకోవచ్చా? ఆ చోటు ఎలా వెతకాలి.. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు.. రెండు, మూడు కుటుంబాలు కలిసి గ్రాండ్ కాన్యన్‌కో, ఎల్లోస్టోన్‌కో ప్లాన్ వేసేస్తాయి. తీరా రిజర్వేషన్ సైట్ తెరిస్తే పార్కు లోపల క్యాంప్‌గ్రౌండ్లన్నీ ఫుల్. బయట హోటల్ రేట్లు చూస్తే గుండె గుభేల్. సరిగ్గా అప్పుడే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లొకేషన్ పడేస్తారు. "ఇక్కడ అడవిలో ఫ్రీగా టెంట్ వేసుకోవచ్చు, మేం పోయినేడాది ఉన్నాం" అంటారు.

ఇది నిజమేనా? నిజమే. అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో చాలా చోట్ల రూపాయి కట్టకుండా, బుకింగ్ లేకుండా రాత్రి ఉండొచ్చు. అయితే ఆ లొకేషన్ పిన్ ఒక్కటే నమ్ముకుని బయల్దేరితే అర్ధరాత్రి పిల్లలతో సహా టెంట్ ఎత్తేయాల్సి రావచ్చు. జరిమానా పడొచ్చు. అన్నిటికంటే ప్రమాదం.. ఆరిపోయిందనుకున్న నిప్పు అడవినే తగలబెట్టొచ్చు. అందుకే ఫ్రీ చోటు వెతకడమంటే ఆ నేల ఎవరిది, ఈ వారం అక్కడ ఏ రూల్ నడుస్తోంది అన్నది తెలుసుకోవడమే. అదెలాగో వివరంగా చూద్దాం.

అసలు డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటే ఏంటి?

క్యాంప్‌గ్రౌండ్ అంటే నంబర్ వేసిన చోటు, టేబుల్, టాయిలెట్, కొన్నిచోట్ల కుళాయి ఉంటాయి. దానికి డబ్బు కట్టాలి. ఇవేవీ లేకుండా, అడవిలో అనుమతి ఉన్న చోట మన టెంట్ మనమే వేసుకుని ఉండటాన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. నీళ్లు ఉండవు, టాయిలెట్ ఉండదు, చెత్తబుట్ట ఉండదు. సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. తీసుకెళ్లిందంతా మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి.

మన ఊళ్ల నుంచి వెళ్లినవారికి ఇది నమ్మబుద్ధి కాదు. తెలుగు రాష్ట్రాల్లో రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా అడుగుపెట్టి రాత్రి ఉంటే కేసే. అక్కడ లెక్క వేరు. అమెరికాలో 154 నేషనల్ ఫారెస్టులు ఉన్నాయి. గడ్డిభూములతో కలిపి ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉన్న నేల సుమారు 19.3 కోట్ల ఎకరాలు. అంటే ఏపీ, తెలంగాణ రెండూ కలిపినా దానికి దాదాపు మూడు రెట్లు. ఇందులో చాలా భాగం జనం వచ్చి గడపడానికి తెరిచే ఉంటుంది.

పార్కు వేరు, ఫారెస్ట్ వేరు.. ఇక్కడే చాలామంది పొరబడతారు

మ్యాపులో ఆకుపచ్చగా కనిపించేదంతా ఒకటే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అందులో కనీసం ఐదు రకాల నేల ఉంటుంది.

మొదటిది నేషనల్ పార్క్. గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, ఎల్లోస్టోన్ లాంటివి. ఇక్కడ కారు పక్కన ఇష్టం వచ్చిన చోట టెంట్ వేయడం కుదరదు. క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండాలి. నడిచి లోపలికి వెళ్లాలంటే దానికి ప్రత్యేకంగా పర్మిట్ కావాలి.

రెండోది నేషనల్ ఫారెస్ట్. ఇది వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్‌ది. డిస్పర్స్‌డ్ క్యాంపింగ్‌కు అసలు అడ్డా ఇదే. సాధారణంగా ఒకచోట 14 రోజుల వరకు ఉండొచ్చు. కొన్ని ఫారెస్టుల్లో ఈ లెక్క మారుతుంది.

మూడోది బీఎల్ఎం.. అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూములు. సుమారు 24.5 కోట్ల ఎకరాలు. ఎక్కువగా నెవాడా, యూటా, అరిజోనా లాంటి పశ్చిమ రాష్ట్రాల్లో ఉంటాయి. ఇక్కడ మామూలుగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు మించకూడదు.

నాలుగోది స్టేట్ ఫారెస్ట్. ఇది ఆ రాష్ట్ర ప్రభుత్వానిది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూల్.

ఐదోది ప్రైవేట్ స్థలం. నేషనల్ ఫారెస్ట్ సరిహద్దు లోపల కూడా ప్రైవేట్ ముక్కలు ఉంటాయి. 19వ శతాబ్దంలో రైలు కంపెనీలకు ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూములు ఇచ్చారు. దాంతో పశ్చిమాన కొన్నిచోట్ల మ్యాపు ఇప్పటికీ చదరంగం బల్లలా ఉంటుంది. ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ఎవరిదో. కంచె కూడా ఉండకపోవచ్చు.

గ్రాండ్ కాన్యన్ ఉదాహరణతో స్టెప్ బై స్టెప్

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే రూటే తీసుకుందాం. లాస్ వెగాస్‌లో దిగి, కారు తీసుకుని గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కు వెళ్తారు. పార్కులోని మాథర్ క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు. ఆఖరి నిమిషంలో దొరకడం కష్టం. కానీ పార్కు సౌత్ గేటు బయట టుసాయాన్ అనే చిన్న ఊరు ఉంది. దాని చుట్టూ ఉన్నది కైబాబ్ నేషనల్ ఫారెస్ట్. ఇక్కడ డిస్పర్స్‌డ్ క్యాంపింగ్‌కు అనుమతి ఉంది. చోటు ఖరారు చేసుకోవడం ఇలా..

1. ఫారెస్ట్ పేరు, రేంజర్ డిస్ట్రిక్ట్ పేరు కనుక్కోవాలి. మన దగ్గర ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు ఉన్నట్టే అక్కడ ప్రతి ఫారెస్టునూ డిస్ట్రిక్టులుగా విడగొట్టారు. ఇక్కడ అది టుసాయాన్ రేంజర్ డిస్ట్రిక్ట్. రూల్ అడగాలన్నా, రోడ్డు సంగతి తెలుసుకోవాలన్నా ఈ ఆఫీసే ఆధారం.

2. ఆ ఫారెస్ట్ అధికారిక సైట్‌లో అలర్టులు చదవాలి. మూసేసిన రోడ్లు, మంటల మీద ఆంక్షలు, టెంట్ వేయకూడని ప్రాంతాలు అన్నీ అక్కడ పెడతారు. పోయినేడాది తెరిచి ఉన్న చోటు ఈ ఏడాది మూసేయొచ్చు. అదే అరిజోనాలోని సెడోనా చుట్టుపక్కల జనం తాకిడి, చెత్త ఎక్కువై ఒకప్పటి ఫ్రీ చోట్లు చాలావరకు మూతపడ్డాయి. పాత యూట్యూబ్ వీడియోలు చూసి ఇప్పటికీ అక్కడికి వెళ్లి తిరిగొచ్చేవాళ్లున్నారు.

3. మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ దించుకోవాలి. అసలు కీలకం ఇదే. ముద్దుగా ఎంవీయూఎం అంటారు. ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటుంది, చూడటానికి ఏం బాగుండదు. కానీ ఏ రోడ్డు మీద కారు వెళ్లొచ్చో, ఏ నెలల్లో వెళ్లొచ్చో చట్టపరంగా చెప్పేది అదే. ఆ మ్యాపులో లేని రోడ్డు కళ్లెదుట కనిపిస్తున్నా మూసినట్టే లెక్క. కొన్ని రోడ్ల పక్కన వరుసగా చుక్కలు ఉంటాయి. క్యాంపింగ్ కోసం కారును రోడ్డు దిగి ఎంత దూరం వరకు తీసుకెళ్లొచ్చో చెప్పే గుర్తులవి. ఆ దూరం మ్యాపు అంచున పట్టికలో రాసి ఉంటుంది. అవెంజా లాంటి యాప్‌లో ఈ మ్యాపు వేసుకుంటే సిగ్నల్ లేకపోయినా మనమెక్కడున్నామో నీలి చుక్కతో చూపిస్తుంది.

4. శాటిలైట్ ఫొటోలో చోటు చూసుకోవాలి. ఎంవీయూఎంలో అనుమతి ఉన్న రోడ్డు పట్టుకుని, గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ వ్యూలో దాని వెంటే వెళ్లాలి. రోడ్డు నుంచి చీలే చిన్న దారి, చివర్లో చెట్ల మధ్య గట్టిపడిన ఖాళీ నేల కనిపిస్తే అక్కడ ఇంతకుముందు జనం ఉన్నారన్నమాట. కొత్త చోటు చదును చేయడం కంటే అలాంటి పాత చోటే వాడమని ఫారెస్ట్ సర్వీస్ కూడా చెబుతుంది.

5. ఐఓవర్‌ల్యాండర్, క్యాంపెండియమ్, ద డిర్ట్ లాంటి యాప్‌ల్లో రివ్యూలు చూడొచ్చు. రోడ్డులో గుంతలు ఎలా ఉన్నాయి, చిన్న కారు వెళ్తుందా, రాత్రి చప్పుడు ఉంటుందా.. ఇలాంటివి బాగా తెలుస్తాయి. కానీ వాటిని రాసింది మనలాంటి జనమే. అనుమతి ఉందా లేదా అన్నదానికి వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు. నేల ఎవరిదో చూపే ఆన్‌ఎక్స్, గయా జీపీఎస్ లాంటి యాప్‌లు ఈ విషయంలో మెరుగు.

6. చివరగా డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేయాలి. ఆఫీసులు ఎక్కువగా వారంరోజుల్లోనే పనిచేస్తాయి. కాబట్టి శుక్రవారం సాయంత్రం బయల్దేరాక కాదు, బుధ, గురువారాల్లోనే చేయాలి. రెండే ప్రశ్నలు. "ఈ వారాంతం ఫలానా రోడ్డులో క్యాంపింగ్‌కు అనుమతి ఉందా? నిప్పు పెట్టుకోవచ్చా?" ఇంగ్లిష్ యాస గురించి మొహమాటం అక్కర్లేదు. రోజూ ఇవే ప్రశ్నలకు జవాబు చెప్పడం వాళ్లకు అలవాటే.

ఇంకో మాట. సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. అంటే తిరుమల కొండ ఎత్తుకు రెండింతలు దాటి. అరిజోనా కదా, ఎండలు మండిపోతాయనుకుని పల్చటి దుప్పట్లతో వెళ్తే మే నెల రాత్రుల్లో కూడా వణికిపోతారు.

స్టేట్ ఫారెస్ట్ అయితే రూల్ మారిపోతుంది

తూర్పు రాష్ట్రాల్లో నేషనల్ ఫారెస్టులు తక్కువ. అక్కడ ఉండేవారికి స్టేట్ ఫారెస్టులే దగ్గర. మనవాళ్లు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాల నుంచి చూస్తే..

న్యూయార్క్: రాష్ట్ర అటవీ భూముల్లో రోడ్డుకు, కాలిబాటకు, నీటికి 150 అడుగుల అవతల టెంట్ వేయాలి. లేదంటే "క్యాంప్ హియర్" అని పసుపు బిళ్ల కొట్టిన చోట వేసుకోవచ్చు. పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్నా, ఒకేచోట మూడు రాత్రులు మించినా ఫారెస్ట్ రేంజర్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. మన మూడు కుటుంబాలు కలిశాయంటే పది దాటినట్టే. ఇది గుర్తుంచుకోవాలి.

పెన్సిల్వేనియా: 22 లక్షల ఎకరాల స్టేట్ ఫారెస్ట్ ఉంది. బ్యాగు తగిలించుకుని నడిచి వెళ్లి, ఒకచోట ఒక్క రాత్రే ఉంటే మామూలుగా పర్మిట్ అక్కర్లేదు. కారు పక్కనే టెంట్ వేయాలంటే మాత్రం పర్మిట్ తప్పనిసరి.

న్యూజెర్సీ: ఎడిసన్‌లో ఉంటూ, అదే రాష్ట్రంలోని వార్టన్ స్టేట్ ఫారెస్ట్‌లో ఫ్రీగా ఉండొచ్చనుకుంటే కుదరదు. ఇక్కడ నిర్ణయించిన సైట్లలోనే ఉండాలి, డబ్బు కట్టాలి.

మిషిగన్: స్టేట్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్‌కు మైలు దూరం దాటాక, నిషేధం బోర్డు లేని స్టేట్ ఫారెస్ట్ నేలలో ఉచితంగా ఉండొచ్చు. కాకపోతే క్యాంప్ రిజిస్ట్రేషన్ కార్డు నింపి ఆ చోట తగిలించాలి. కార్డు కూడా ఉచితమే.

వాషింగ్టన్: రాష్ట్ర సహజ వనరుల శాఖ భూముల్లో ఉండాలంటే కారుకు డిస్కవర్ పాస్ ఉండాలి. చోటు ఫ్రీ, పాస్ ఫ్రీ కాదు.

టెక్సస్: హ్యూస్టన్ వాళ్లకు దగ్గరున్నది శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్. ఇది ఫెడరల్ అడవే. అయినా తుపాకులతో జింకల వేట సాగే సీజన్‌లో ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయనివ్వరు. నిర్ణయించిన క్యాంపుల్లోనే ఉండాలి. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి.

కాలిఫోర్నియా: నేషనల్ ఫారెస్ట్‌లో క్యాంప్‌గ్రౌండ్ బయట గ్యాస్ స్టవ్ వెలిగించాలన్నా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో చిన్న వీడియో చూసి, నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే ఉచితంగా ఇస్తారు. డబ్బు లేదు కదా అని వదిలేయకండి. రేంజర్ మొదట అడిగేది అదే.

నిప్పుతోనే అసలు ముప్పు

అమెరికాలో అడవి మంటల్లో దాదాపు 85 శాతం మనుషుల వల్ల మొదలయ్యేవేనని నేషనల్ పార్క్ సర్వీస్ చెబుతోంది. వాటిలో సరిగా ఆర్పని క్యాంప్‌ఫైర్లు కూడా ఉన్నాయి. 2016 జులైలో కొలరాడోలోని నెదర్లాండ్ దగ్గర క్యాంపింగ్‌కు వచ్చినవాళ్లు నిప్పును సరిగా ఆర్పకుండా వదిలేశారు. ఆ మంటల్లో ఎనిమిది ఇళ్లు కాలిపోయాయి. వచ్చినవాళ్లు జైలు పాలయ్యారు. ఎవరి ఇల్లూ తగలబెట్టాలని వాళ్లు అనుకోలేదు. ఆరిపోయిందనుకున్నారు, అంతే.

ఎండాకాలంలో ఫారెస్ట్ సర్వీస్ మంటల మీద ఆంక్షలు పెడుతుంది. స్టేజ్ 1 అంటే సాధారణంగా క్యాంప్‌గ్రౌండ్లలో కట్టిన గుంటల్లో తప్ప బయట కట్టెల మంట వద్దని అర్థం. అంటే డిస్పర్స్‌డ్ క్యాంపింగ్‌లో కట్టెలు లేనట్టే. స్టేజ్ 2 అయితే క్యాంప్‌గ్రౌండ్లలో కూడా వద్దు. ఆపేందుకు నాబ్ ఉన్న గ్యాస్ స్టవ్‌ను చాలావరకు అనుమతిస్తారు. బొగ్గుల గ్రిల్‌ను అనుమతించరు. బాణసంచా అయితే నేషనల్ ఫారెస్టుల్లో ఏడాది పొడవునా నిషేధమే. జులై 4 అయినా, దీపావళి అయినా అదే రూల్.

అనుమతి ఉన్నప్పుడు కూడా ఆర్పే పద్ధతి ఒకటుంది. నీళ్లు పోయాలి, కర్రతో కలపాలి, మళ్లీ పోయాలి. చివర్లో చేతి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలిందంటే ఇంకా ఆరలేదు. పైన మట్టి కప్పేస్తే లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది.

ఆంక్షలు మీరితే ఫెడరల్ నిబంధనల ప్రకారం 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడే అవకాశం ఉంది. మంట పాకితే ఆర్పిన ఖర్చు కూడా నెత్తిన పడొచ్చు. వీసా మీద ఉన్నవారికి ఇంకో కోణం ఉంది. పౌరసత్వం దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ అందుకున్నారా అని అడుగుతారు. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకోబోయి ఏళ్ల తరబడి జవాబు చెప్పుకోవాల్సిన పని పెట్టుకోవద్దు.

పులిహోర వాసనకు ఎలుగుబంటి వస్తుందా?

వస్తుంది. ఎలుగుకు వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. ఆవకాయ జాడీ, పులిహోర డబ్బా, చిప్స్ ప్యాకెట్, చివరికి టూత్‌పేస్ట్ కూడా టెంట్‌లో ఉంచకూడదు. కొన్ని ఫారెస్టుల్లో తిండిని ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోనే పెట్టాలన్న ఆర్డర్ ఉంటుంది. కారులో పెడితే చాలా? కొన్నిచోట్ల చాలు. కొన్నిచోట్ల కారు తలుపులు పీకేసిన ఎలుగులున్నాయి. ఇది కూడా డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే అడగాలి. వంట, భోజనం టెంట్‌కు దూరంగా చేయాలి. గిన్నెలు కడిగిన నీళ్లు వాగులో పోయకూడదు.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

కారు: తక్కువ ఎత్తున్న సెడాన్ అయితే లోపలి రోడ్లు వద్దు. ఫారెస్ట్ రోడ్డు నంబర్ బోర్డు మీద అంకెలు అడ్డంగా ఉంటే సాధారణంగా మామూలు కార్లు వెళ్లగలవు. నిలువుగా ఉంటే ఎత్తున్న వాహనం కావాలని అర్థం. వాన పడితే మట్టిరోడ్డు జిగురుగా మారి చక్రాలు దిగబడతాయి. రెంటల్ కారు అయితే తారు లేని రోడ్ల మీద నడపొచ్చో లేదో ఒప్పందంలో చదవండి.

నీళ్లు: మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు. వాగు నీళ్లు తాగాల్సి వస్తే ఒక నిమిషం తెర్లనివ్వాలి. 6,500 అడుగుల ఎత్తు దాటితే మూడు నిమిషాలు.

టాయిలెట్: చిన్న తవ్వుకోల వెంట ఉండాలి. నీటికి, బాటకు, టెంట్‌కు 200 అడుగుల అవతల, అంటే సుమారు 70 అడుగులు వేసి, 6 నుంచి 8 అంగుళాల గుంట తవ్వి పూడ్చాలి. పిల్లల డైపర్లు, వెట్ వైప్స్ పూడ్చకూడదు, వెనక్కి తేవాలి.

టెంట్ చోటు: ఎండిన చెట్ల కింద, ఎండిన వాగులో వేయొద్దు. ఎక్కడో కొండ మీద వాన పడితే ఇక్కడ వరద వస్తుంది. అరిజోనాలో పశువులు, జంతువులు తాగే నీటి గుంటకు పావు మైలు లోపల క్యాంప్ వేయడం చట్టప్రకారం కుదరదు.

కట్టెలు: ఇంటి దగ్గర నుంచి మోసుకెళ్లొద్దు. వాటితోపాటు చెట్లను చంపే పురుగులూ ప్రయాణిస్తాయి. అక్కడికి దగ్గరలోనే కొనాలి.

ఫోన్: మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపే సౌకర్యం ఉంది. ఎక్కడ ఉంటున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఊళ్లో ఉండే ఒకరికి చెప్పి వెళ్లండి.

చివరిగా టైమ్. వెలుతురు ఉండగానే చేరుకోవాలి. మొదటి చోటు నిండిపోతే వెళ్లడానికి రెండోది, మూడోది ముందే గుర్తు పెట్టుకోవాలి. చీకట్లో, అలసిపోయి, పిల్లలు ఏడుస్తుంటే ఎవరైనా కనిపించిన మొదటి ఖాళీలోనే కారు ఆపేస్తారు. అది ఎవరిదో చూసుకునే ఓపిక అప్పుడు ఉండదు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే.

వాట్సాప్‌లో వచ్చిన పిన్‌ను పారేయక్కర్లేదు. వెతుకులాట దానితోనే మొదలుపెట్టండి. ఆ పిన్ ఏ ఫారెస్ట్‌లో పడిందో చూసి, మ్యాపులో ఆ రోడ్డు ఉందో లేదో సరిచూసి, ఒక ఫోన్ కొట్టండి. అంతా కలిపితే అరగంట పని. ఆ అరగంట పెట్టినవాళ్లకు అడవిలో నక్షత్రాల కింద రాత్రి నిజంగానే ఫ్రీ.